తిల్లి అంటే తెలియదన్నాను

మా నాయిన గొర్రెలు, మేకలు పెంచేవాడు. దేవరకొండ దాటి గుట్టల మధ్యకు పోతే మా ఊరు వస్తుంది. పండుగకో పెళ్లికో ఎవరింట్లోనైనా యాటను కోయాలంటే నాయినకే కబురొచ్చేది. చిన్నప్పుడు నేనూ ఆయన వెంట పోయి ఒక పక్కన కూచునేదాన్ని. కోసిన యాట లోపలి భాగాలను ఒక్కొక్కటే తీసి తాంబాళంలో పెడుతూ నాకు పేర్లు చెప్పేవాడు.

"గిది గుండెకాయ. గిది కార్జం. గివి గుర్దలు. గీ నాలుక లెక్క సన్నగున్నది తిల్లి. జరమొచ్చిన జీవానికి గిదే ముందు ఉబ్బుతది బిడ్డా."

తిల్లిని నిప్పుల మీద కాల్చి, ఉప్పు అద్ది నా చేతిలో పెట్టేవాడు. నేను డాక్టరు చదువుకు పోకముందే ప్రాణి కడుపులో ఏది ఎక్కడుంటుందో నాకు తెలుసు. అది ఒక చదువని మాత్రం తెలియదు.

మెడికల్ కాలేజీలో చేరిన మొదటి ఏడాది నోటి పరీక్షలో ఒక ఎముక చేతికిచ్చి ఇదేమిటని అడిగారు. భయంలో ఇంగ్లీషు పేరు గుర్తుకు రాలేదు. "ముంజేతి బొక్క సార్" అన్నాను. అడిగినాయన కళ్లజోడు తీసి, "బొక్కా? ఎక్కడ పడిందమ్మా బొక్క?" అన్నాడు. వాళ్ల వైపు బొక్క అంటే రంధ్రమట. వెనక వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అందులో మా జిల్లా పిల్లలూ ఉన్నారు. ఇంట్లో వాళ్లూ బొక్కనే అంటారు, అయినా నవ్వారు.

ఆ రోజు నుంచి నేను మాట మార్చుకున్నాను. బొక్కను ఎముక అన్నాను, దవాఖానను ఆసుపత్రి అన్నాను. నాయిన ఫోన్ చేస్తే గదిలో మాట్లాడకుండా వరండా చివరికి పోయేదాన్ని. స్నేహితురాళ్ల ముందు ఆయన "మా నాన్నగారు" అయ్యాడు. ఆయనను గారు అని ఎవరూ పిలవగా నేను వినలేదు.

లైబ్రరీలో వైద్య పదాల పుట్టుక చెప్పే పాత నిఘంటువొకటి దొరికింది. దాన్ని పిచ్చిగా చదివాను. ధమనికి ఇంగ్లీషులో ఉన్న పేరు గాలికి సంబంధించిందట. చనిపోయినవాళ్ల ధమనులు ఖాళీగా కనబడేసరికి వాటిలో గాలి తిరుగుతుందని పూర్వం అనుకున్నారట. కండరానికి పెట్టిన లాటిన్ పేరుకు చిట్టెలుక అని అర్థం. మోకాలి మీది ఎముక పేరుకు చిన్న పళ్లెం అని అర్థం. అది చదివినప్పుడు మా ఊళ్లో మోకాలి చిప్ప అంటారు కదా, రెండూ ఒకటే కదా అని తోచింది. కానీ ఆ మాట ఎవరితోనూ అనలేదు. గ్రీకు మాటలు చెబితే గౌరవం వచ్చేది. చిప్ప అంటే మళ్లీ నవ్వుతారేమోనని భయం.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా యూనిట్ పెద్ద డాక్టరుకు ఈ మాటల పిచ్చి నాకంటే ఎక్కువ. రోగుల మధ్య తిరుగుతూ ఫలానా మాట ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగేవారు. నేనే జవాబు చెప్పేదాన్ని. "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అనేవారు. ఆ పొగడ్త కోసం రాత్రిళ్లు నిఘంటువు బట్టీ పట్టేదాన్ని.

ఒక సోమవారం బయటి రోగులను చూసే గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. నా ముందుకు ఒక అవ్వ వచ్చింది. మనిషి సన్నగా ఉంది, పక్కన కోడలు పట్టుకొని నిలబడింది.

"ఏమైందమ్మా?" అన్నాను, నేర్చుకున్న తెలుగులో.

"ఎడమ డొక్కల బరువుంటాంది బిడ్డా. రెండు ముద్దలు తింటెనే కడుపు నిండినట్టయితాంది. నాకేమో తిల్లి పెరిగిందని గుబులైతాంది."

పక్క కుర్చీలో ఉన్న పెద్ద డాక్టరు చెవిన ఆ మాట పడింది. ఆయన నిజంగానే ఆసక్తిగా ఇటు తిరిగారు.

"తిల్లా? కొత్త మాట. తిల్లి అంటే ఏమిటమ్మా? మీ వైపు మాటేనా?"

నా చుట్టూ నలుగురు తోటివాళ్లున్నారు. ఆ క్షణంలో నాకు తాంబాళం కనబడింది, నాయిన నెత్తుటి చేతులు కనబడ్డాయి. ఆ మాట నీకెలా తెలుసని అడిగితే ఏం చెప్పాలి?

"తెలియదు సార్. కడుపునే అట్లా అంటారేమో" అన్నాను.

ఆయన తల ఊపి తన రోగి వైపు తిరిగిపోయారు. అవ్వ నా ముఖం వైపు చూసింది, ఏదో అనబోయి ఆగింది. నేను ఆమెను బల్ల మీద పడుకోబెట్టాను. ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి లోతుగా చూడాల్సింది. చూస్తే గడ్డలా తగిలేది. తగిలితే నేను చెప్పిన అబద్ధం బయటపడేది. అంత ఆలోచించి చేశానని చెప్పలేను, ఆలోచించలేదనీ చెప్పలేను. కడుపు మధ్యలో ఒకసారి నొక్కి, గ్యాస్ అని రాసి, మాత్రలిచ్చి పంపాను.

రెండు నెలల తర్వాత ఆమెను ఆడవాళ్ల వార్డులో చూశాను. చేను దగ్గర కళ్లు తిరిగి పడిపోతే తీసుకొచ్చారట. కడుపు ఎడమ వైపు చీర మీది నుంచే ఎత్తుగా కనబడుతోంది. ప్లీహం బొడ్డు దాకా పెరిగింది. రక్త పరీక్ష చేస్తే రక్తంలో పుట్టే క్యాన్సర్ అని తేలింది. రోజూ మాత్రలు వేసుకుంటే అదుపులో ఉండే రకమే. "రెండు నెలలకు పెద్ద తేడా ఏమీ పడి ఉండదులే" అని వార్డు డాక్టరు అన్నాడు. కానీ ఆ రెండు నెలలు ఆమె తిండి సరిగా తినలేకపోయింది. నేనిచ్చిన మాత్రలు మింగుతూ, ఇది గ్యాసే అనుకుంటూ కూలికి పోయింది.

ఆ సాయంత్రం నిఘంటువు తీశాను. ప్లీహం అనే సంస్కృత పదం, ఇంగ్లీషువాళ్లు గ్రీకు నుంచి తెచ్చుకున్న పదం ఒకే మూలానివని ఉంది. తిల్లి అందులో లేదు. అది మా దిక్కుకు ఉర్దూతోపాటు వచ్చిన మాట అయ్యుంటుంది. అవ్వ తన రోగం పేరు కాకపోయినా రోగమున్న చోటి పేరు సరిగ్గా చెప్పింది. ఆ గదిలో ఆ మాట తెలిసిన డాక్టరును నేనొక్కదాన్నే. పుస్తకం మూసేశాను.

మూడు రోజులు ఆమె మంచం పక్కనుంచి తల దించుకొని నడిచాను. నాలుగో రోజు పొద్దున కోడలు చాయ్ తేవడానికి పోయినప్పుడు వెళ్లి కూచున్నాను.

"అవ్వా, ఆ దినం నువ్వు తిల్లి అన్నవు. నాకు ఎరుకే. సార్ అడిగితే ఎరుక లేదని అన్న" అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత దవాఖానలో నా నోట ఆ భాష వచ్చింది.

అవ్వ ఆశ్చర్యపోలేదు.

"నాకు గప్పుడే తెల్సింది బిడ్డా. నువ్వు ఎంత సక్కగ మాట్లాడినా నడుమ నడుమ మన యాస ఎల్లుతనే ఉండె. మన దిక్కు పిల్ల, తిల్లి ఎరుక లేదంటదేంది అనుకున్న. సదువుకున్నోళ్ల కాడ గట్లనే అనాలెనేమో అనుకున్న."

"తప్పయింది అవ్వా."

"మీ నాయినేం జేస్తడు?" అని అడిగింది.

"గొర్లు కాస్తడు."

"ఆయినకు ఎరుకనా, నువ్వు గిట్లన్నవని?"

నేను లేదని తలూపాను. ఆమె తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. కోడలు చాయ్ తెస్తే నాకు ఒక గుటక పోయమని చెప్పింది. తాగాను.

ఆ మధ్యాహ్నమే పెద్ద డాక్టరు గదికి పోయి తిల్లి అంటే ప్లీహమని, నాకు అప్పుడే తెలుసని చెప్పాను. ఆయన రాస్తున్న కాగితం పక్కన పెట్టారు. తర్వాత, "మాట తెలియకపోవడం తప్పు కాదమ్మా, నాకూ తెలియదు. నువ్వు మాత్రం..." అని ఆపేశారు. ఆ తర్వాత రోగుల దగ్గర నన్ను మాటల పుట్టుక అడగడం మానేశారు.

చదువయ్యాక నేను అక్కడే డాక్టరుగా చేరాను. మూడు నెలలకోసారి అవ్వ మాత్రల కోసం వస్తుంది. ఒళ్లు పట్టింది. ఎదురుపడితే "బాగున్నవా బిడ్డా" అంటుంది, నేనూ పలకరిస్తాను. కానీ ఓపీ కౌంటర్లో చీటీ రాయించుకున్నాక నా గదికి రాకుండా పక్క గది డాక్టరు వరుసలో పోయి కూచుంటుంది. నేనూ పిలవను.