మూసేసిన లైనులో నీళ్ళ చప్పుడు

ఉత్తరాన ఉండే మా లాంగో తెగవాళ్ళలో ఎవరైనా తన పేరు ఆచెన్ అని చెబితే, ఎదుటివాళ్ళు వెంటనే అడిగేది ఒకటే. "మరి అపియో ఏదీ?" కవల ఆడపిల్లల్లో ముందు పుట్టినది అపియో, వెనక పుట్టినది ఆచెన్. ఆ పేరులోనే ఇంకొకరి నీడ ఉంటుంది.

మా చిన్నాన్న కూతురు ఆచెన్‌కు ఆ ప్రశ్న అలవాటే. ఇద్దరికీ ఆరేళ్ళున్నప్పుడు అపియో జ్వరంతో పోయింది. "చచ్చిపోయింది" అని పొడిగా చెప్పి మాట మార్చేసేది. కానీ లీరా నుంచి కంపాలాకు ఇంటర్న్‌షిప్‌కని వచ్చి నా గదిలో ఉన్న ఆ రెండు నెలలూ చూశాను. మంచం మీద సగమే వాడుకునేది. ఖాళీగా ఉన్న రెండో సగం వైపు చెవి పెట్టి పడుకునేది.

సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడు. నీళ్ళ కంపెనీలో పైపుల లీకులు కనిపెట్టే విభాగంలో వేశారు. ఆ విభాగం పెద్ద ముకీబి గారు మొదటి రోజే దాని చేతికి ఒక ఇనప కడ్డీ ఇచ్చారు. గుండె ఎత్తు ఉంటుంది, పైన గిన్నెలాంటి చెక్క మూత. మొన నేల మీద ఆనించి, మూత చెవికి పెట్టుకుని, భూమి లోపల నీళ్ళెక్కడ తప్పించుకుంటున్నాయో వినాలి.

"ఇంజినీరు గారూ, చెవులు కడుక్కొచ్చారా? పుస్తకాల దుమ్ముంటే నీళ్ళు వినపడవు."

"కడుక్కునే వచ్చా సార్. మీ ఉపన్యాసం విన్నాక మళ్ళీ మూసుకుపోయాయి."

పనివాళ్ళంతా నవ్వారు. ముకీబి కూడా నవ్వారు. ఆ రోజు నుంచి ఆయనకు ఈ పిల్ల అంటే ఇష్టం.

వినడం దానికి ఎవరూ నేర్పలేదు. పగిలిన పైపు ఎండుటాకుల మీద చీమలు పాకినట్టు చిరచిరలాడుతుందని, వదులైన అతుకు కప్పలా బెకబెకమంటుందని రాత్రి అన్నం తింటూ నాకు చెప్పేది. కడ్డీని ఇంటికి కూడా తెచ్చుకునేది. నా వంటగది నేల మీద పెట్టి విని, "ఇక్కడేమీ లేదక్కా" అని నిరాశగా అనేది.

ఏప్రిల్ వానల్లో ఒక కొండ దిగువ నుంచి ఫిర్యాదు వచ్చింది. వరసగా ఒంటి గదులు. వాటి వెనకే మూడు నిలువుల రాతిగోడ. గోడ పైన కొత్తగా కట్టిన ఫ్లాట్ల ఆవరణ. గోడ ఎప్పుడూ చెమర్చి ఉంటోందని, పైపు పగిలిందేమోనని ఫిర్యాదు. భయపడి అందరూ ఖాళీ చేసి వెళ్ళిపోయారు. చివరి గదిలో మాత్రం ఒక పెద్దావిడ గుమ్మం ముందు కసావా దుంప ముక్కలు వేయిస్తూ కూర్చుంది. ఆమెను అందరూ నాలోంగో అనే పిలుస్తారు. ఇక్కడి బగాండా వాళ్ళు కవలల్ని కన్న తల్లిని అలాగే పిలుస్తారు, ఆ తర్వాత ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తుండదు.

ఆచెన్ ఆమె గదిలో నేల మీద కడ్డీ పెట్టింది.

చిరచిర కాదు. కప్ప కాదు. పక్క గదిలో పసిపిల్ల నిద్రలో ఏదో గొణుగుతున్నట్టు ఉంది. మాటలే, కానీ అంచులు అరిగిపోయిన మాటలు.

ముకీబి మనిషిని పంపి రోడ్డు మీద వాల్వు మూయించారు. బయట కుళాయి దగ్గి, ఎండిపోయింది. ఆచెన్ మళ్ళీ కడ్డీ పెట్టింది. గొణుగుడు అలాగే ఉంది. ముకీబి తానే తీసుకుని చాలాసేపు విన్నారు. తర్వాత కడ్డీని చెవి నుంచి మెల్లగా, ఎవరినో లేపకూడదన్నట్టు తీశారు.

"లైను మూశాం. ఇంకా వినపడుతోందంటే అవి మన నీళ్ళు కావు. పద."

"మరి ఎవరివి సార్?"

"బిల్లు వేయలేని నీళ్ళతో నాకు పరిచయం లేదమ్మా."

ఆచెన్ గదుల వెనక్కి వెళ్ళి గోడ చూసింది. అలాంటి గోడకు లోపలి నీరు కారిపోవడానికి అడుగున రంధ్రాలు వదులుతారు. అందంగా ఉండాలని వాటన్నిటినీ సిమెంటుతో పూడ్చేశారు. గోడ నడుమ నెలలు నిండిన పొట్టలా ముందుకొచ్చింది. పైన ఏదో పాత ఊటను మట్టేసి కప్పి ఇళ్ళు కట్టారని దానికి అర్థమైంది. చెబితే ముకీబి ముఖం చిట్లించి, నగరపాలక ఆఫీసుకు చెబుతానన్నారు. చెప్పారు కూడా. అక్కడి నుంచి ఎవరూ రాలేదు.

బయలుదేరుతుంటే నాలోంగో దాని మణికట్టు పట్టుకుంది.

"నీకూ వినపడింది కదూ?"

"నీళ్ళమ్మా అవి."

"నీళ్ళు కాదని నేనన్నానా? నా కవలల్లో పెద్దది బబిర్యె ఈ గదిలోంచే ఎగిరిపోయింది. చిన్నది నకాటో పెళ్ళయి మసాకాలో ఉంది. వానలు మొదలైన నాటి నుంచి బబిర్యె వచ్చి మాట్లాడుతోంది." మూలన రాగి అంబలి గిన్నె, ఎవరికో తీసిపెట్టినట్టు మూత పెట్టి ఉంది. "నీ పేరేంటి బిడ్డా?"

"ఆచెన్."

"ఉత్తరాది కవలవా! మీ అక్క ఏదీ?"

"చచ్చిపోయింది."

"ఛీ, నోరు కడుక్కో! కవలలు చస్తారా ఎక్కడైనా? ఎగిరిపోతారు. ఆ మాట అంటే వినపడుతుంది దానికి."

ఆ సాయంత్రం ఆచెన్ అన్నం ముట్టలేదు. "గోడ పడుతుందక్కా. ఆవిడ కదలదు."

"పోలీసులకు చెప్పు."

"చెప్పాను. గోడ పడ్డాక రమ్మన్నారు."

శనివారం పగలంతా వాన. ఆదివారం పొద్దున్నే కడ్డీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత జరిగింది దాని నోట విన్నదే చెబుతున్నాను.

ఎండ వచ్చింది. కొండ మీద చర్చిలో పాటలు. గదిలో నాలోంగో చాప మీద, ఒళ్ళో అంబలి గిన్నెతో కూర్చుని ఉంది.

"తెల్లారినప్పటి నుంచి పలకడం లేదు," అంది.

ఆచెన్ కడ్డీ పెట్టింది. ఏమీ లేదు. తన రక్తం తనకే వినపడేంత నిశ్శబ్దం. దానికి అర్థమైంది. నీళ్ళు వెళ్ళిపోలేదు. దారి పూడుకుపోయి, గోడ వెనక నిలబడిపోయాయి, ఊపిరి బిగబట్టినట్టు.

"నాలోంగో, లే. గోడ వచ్చేస్తుంది."

"రానీ. నా బబిర్యె తిరిగొచ్చేసరికి నేను లేకపోతే?"

ఎంత బతిమాలినా లేవలేదు. అప్పుడు ఆచెన్ జీవితంలో చెప్పనంత పెద్ద అబద్ధం చెప్పింది.

"అది ఇక్కడ లేదమ్మా. రోడ్డు అవతల పనసచెట్టు కిందికి మారింది. వస్తూ విన్నాను. రా, వినిపిస్తాను."

ముసలావిడ గిన్నె పట్టుకునే వచ్చింది. చెట్టు కింద కడ్డీ నిలబెట్టి, మూత ఆమె చెవికి ఆనించి, ఎలా పట్టుకోవాలో చూపించింది ఆచెన్. అంతలో నాలోంగో, "గదిలో గోడకు పిల్లల ఫోటో ఉంది. ఇద్దరూ కలిసున్నది అదొక్కటే" అంది.

ఆచెన్ వెనక్కి పరుగెత్తింది. గదిలో మసక. వెనక గోడకు ఫోటో, ఒకే రంగు గౌన్లలో ఇద్దరు పిల్లలు. చేయి చాపింది. రోడ్డు అవతలి నుంచి నాలోంగో గొంతు వినపడింది.

"బిడ్డా! ఇక్కడ ఇద్దరున్నారే!"

ఆచెన్‌కు ఏడుపొచ్చింది. తన అబద్ధాన్ని ఆ తల్లి ఎంత నమ్మిందో అనుకుంది.

"ఒకర్తి నా బబిర్యె. రెండోదాని మాట నాకు తెలీట్లేదు. బిన్, బిన్ అంటోంది. ఏం భాషే అది?"

ఫోటో దాకా వెళ్ళిన చేయి ఆగిపోయింది.

కంపాలాలో మా భాష చెవినపడని వాళ్ళుండరు, ఎక్కడో విని ఉంటుందని నేనంటాను. ఆచెన్ నాతో వాదించదు. ఆ క్షణాన తిరిగి బయటికి నడిచానని మాత్రం చెబుతుంది. పరుగెత్తలేదట. చిన్నప్పుడు ఆటలోంచి పిలిస్తే వెళ్ళినట్టు, మామూలుగా నడిచిందట. రోడ్డు మధ్యకు వచ్చేసరికి వెనక రాతిగోడ పెద్ద చప్పుడు కూడా చేయకుండా వంగి, ఆ గదుల మీద పడుకుంది.

దుమ్ము అణగక ముందే నీళ్ళు వచ్చాయి. మొదట ఎర్రగా, తర్వాత అద్దంలా, చల్లగా. జనం మూగారు. దెబ్బ తగిలినవాళ్ళెవరూ లేరని తెలియగానే ఎవరో పసుపురంగు ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నీళ్ళు పట్టడం మొదలుపెట్టారు. కాసేపటికి రోడ్డు పొడుగునా డబ్బాలే.

నాలోంగో ఫోటో గురించి అడగలేదు. తన పక్కన ఆచెన్‌ను కూర్చోబెట్టుకుని, గిన్నెలోని అంబలి తాగించింది.

"ఇంతకీ బిన్ అంటే?"

"రా అని."

ముసలావిడ గిన్నె కింద పెట్టింది. తర్వాత దాని చెంప మీద దుమ్ము తుడుస్తూ, గొంతు తగ్గించి అంది.

"ఈసారి పిలిస్తే వెళ్ళావు, మంచిదే. ఇంకెప్పుడు పిలిచినా పలక్కు. విన్నావా?"

ఆచెన్ తలూపింది. కానీ ముఖం మాత్రం నీళ్ళ వైపే తిరిగి ఉంది.