సరే అంటే నడవది

విమానాలకు దారి చెప్పే రాడార్ గదిలో నాకు పని నేర్పిన అక్కది బచ్చన్నపేట. తను చెప్పిన ఎత్తును పైలట్ తిరిగి చెప్పేదాకా ఆమె మరో విమానంతో మాట్లాడేది కాదు. ఇంటికి ఫోన్ చేసినా అదే తీరు. "సరే అంటే నడవది బాపూ, ఏ గోలి ఎప్పుడేసుకుంటవో మళ్ల చెప్పు" అనేది. నాకు నవ్వొచ్చేది.

ఒకరోజు అక్క నా వెనక కూర్చుని వింటుండగా ఒక విమానాన్ని ఆరు వేల అడుగులకు దిగమన్నాను. పైలట్ అయిదు వేలని తిరిగి చెప్పాడు. ఆ ఎత్తులో అప్పటికే మరో విమానం ఉంది. వెంటనే సరిదిద్దాను. ఈసారి "ఆరు వేలు" అన్నాడు.

అక్క లేచింది. "రేపటి సంది ఒక్కదానివే కూసో."

"సరే అక్కా."

ఆమె కదలకుండా నన్నే చూస్తూ నిలబడింది.

"రేపటి సంది ఒక్కదాన్నే కూసుంటనక్కా" అన్నాను.

అది విన్నాకే అక్క తలుపు వైపు కదిలింది.