‘నెయో’ నేర్చుకున్న ఆదివారాలు

సుమిత్ర పోయిన మూడో వారంలో ఆమె ఫోనుకి ఒక మెసేజి వచ్చింది. ఈ ఆదివారం ఉదయం నుంచి మీరు చేరిన ఆన్‌లైన్ కొరియన్ తరగతులు మొదలు, అందరూ వేళకి రావాలి అని. చనిపోయిన మనిషి ఫోనుని రోజూ చార్జింగులో పెడుతున్నది ఆమె అక్క అమ్ము. ఎందుకు పెడుతోందో తనకే తెలియదు. ఆదివారం లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, లింకు మీద వేలు పెట్టింది.

"సుమిత్ర గారూ, వినపడుతోందా అండీ?" అన్నారు మాస్టారు.

"వినపడుతోందండి," అంది అమ్ము.

నేను సుమిత్రని కాదని చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. ఆ క్షణం కాస్తా దాటిపోయింది.

వాళ్ళది బచేలిలో కంపెనీ క్వార్టరు. నాన్న చక్రధరరావు ఇనప గనిలో డంపరు నడుపుతాడు. పెళ్ళయిన కొత్తలో అప్పలనరసమ్మని తీసుకుని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఆడపిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. బడిలో హిందీ, బజార్లో ఆ చుట్టుపక్కల మాట హల్బీ, ఇంట్లో తెలుగు. సుమిత్రకి ఆ మూడూ చాలలేదు. కొరియా సీరియళ్ళు చూసి చూసి, అన్నం పెట్టమన్నా ఆ భాషలోనే అడిగేది. వానాకాలం చివర్లో జ్వరం తగిలింది. జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే మాట పడిపోయింది.

పరామర్శకి వచ్చిన వాళ్ళందరికీ టీ పెట్టింది అమ్ము. చుట్టాలకి ఫోన్లు చేసింది. గుమ్మంలో కలిసిపోయిన చెప్పుల్లోంచి నాన్నవి వెతికి ఇచ్చింది. గట్టిపిల్ల అన్నారు అందరూ. గట్టితనం కాదది. పన్ను పీకే ముందు సూదిమందు ఇస్తే దవడ మొద్దుబారుతుంది చూడండి, అలా ఉంది ఆమెకి. నొప్పి లేదు. నోరు మాత్రం తనది కాదు.

పాఠం చెప్పే ఉమామహేష్ గాజువాక మనిషి. కొరియాలో ఓడలు కట్టేచోట కొన్నేళ్ళు వెల్డింగు చేసి వచ్చాడు. తెలుగులోనే విడమరిచి చెబుతాడు. అమ్ముకి ఆ భాష మీద ఇష్టమేమీ లేదు. కానీ అందులో ఇంతవరకూ ఎవరూ ఆమెకి చెడు కబురు చెప్పలేదు. ఆ గంటసేపూ అక్షరాలు దిద్దుకుంటూ కూర్చోవడం సులువుగా ఉండేది. చెల్లెలి పేరు పెట్టి పిలిస్తే పలకడం కూడా అలవాటైపోయింది.

చలి మొదలైన రోజుల్లో ఒక ఆదివారం ఉమామహేష్ కొత్త పాఠం ఎత్తుకున్నాడు.

"ఇవాళ్టిది పుస్తకంలో కన్నా నోట్లో ఎక్కువ తిరిగే ముక్కండి. క్రియ చివర 'నెయో'. కిటికీ తీశారు, బయట వాన. 'బిగా ఓనెయో' అంటారు. వాన పడుతోంది అని ఎదుటివాడికి కబురు చెప్పడం కాదు. పడుతోందే, అని మీరు అప్పుడే కనిపెట్టడం. మనం 'బాగుందే', 'వచ్చావే' అని చివర సాగదీస్తాం కదా, అలాంటిది. 'ఒప్సోయో' అంటే లేదు. కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నారనుకోండి, 'ఒమ్నెయో'. లేదే! ముందే తెలిసిన సంగతికి మాత్రం ఇది వాడకండి."

ఒక్కొక్కరినీ తమ చుట్టూ చూసి ఒక వాక్యం చెప్పమన్నాడు. కర్నూలు అమ్మాయి టీ చల్లారిపోయిందే అంది. ఇంకొకాయన పక్కింటి కుక్క అరుస్తోందే అన్నాడు. అమ్ము వంతు వచ్చింది. ఆమె బీరువా చూసింది, క్యాలెండరు చూసింది, గోడవారగా ఉన్న చెల్లెలి మంచం చూసింది.

"ఏమీ లేదండి. అన్నీ తెలిసినవే."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టు ముఖం పెట్టింది.

అమ్ము ఒక ప్రైవేటు బడిలో ఎల్కేజీ పిల్లలకి చెబుతుంది. ఆ వారమంతా పిల్లలు "మేడమ్, దేఖో" అంటూ ఏదో ఒకటి తెచ్చి చూపిస్తూనే ఉన్నారు. రెక్క విరిగిన పురుగు, ఊడిన బొత్తాం, ఊడిన పన్ను. "అచ్ఛా" అంటూ అన్నిటికీ తలూపింది. వాళ్ళకి రోజుకి ఇన్ని కొత్త సంగతులు ఎక్కడ దొరుకుతున్నాయో ఆమెకి అర్థం కాలేదు.

సుమిత్ర పోయాక అమ్ము ముందుగదిలో తల్లి పక్కనే పడుకుంటోంది. లోపలి గదికి వచ్చేది ఆదివారం తరగతికే. మరుసటి ఆదివారం వచ్చి, కుర్చీ లాక్కుని, లింకు నొక్కి ఫోను నిలబెట్టింది. గోడవార మంచం లేదు. చుట్టూ ఎర్రటి ఇనప దుమ్ము పట్టి ఉంది. మంచం ఉన్నంత మేర నేల మాత్రం శుభ్రంగా, తెల్లగా ఉంది. పరుపు చుట్టి, తాడు కట్టి మూల నిలబెట్టారు.

"ఒమ్నెయో," అంది అమ్ము.

"ఆఁ, భేష్!" అన్నాడు ఉమామహేష్. "ఏది లేదు, సుమిత్ర గారూ?"

"మంచం," అంది అమ్ము. "నేను సుమిత్రని కాదండి. వాళ్ళక్కని. నా పేరు అమ్ము. తరగతులు మొదలవకముందే మా చెల్లి చనిపోయింది."

ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది.

"తెలిసిన సంగతికి వాడకూడదన్నారు కదండీ," అంది అమ్ము. ఆమె గొంతులో తేడా ఏమీ లేదు. "తెలిసిందే, మళ్ళీ ఇప్పుడే తెలిస్తే?"

ఉమామహేష్ చేతిలోని పుస్తకం పక్కన పెట్టాడు.

"వాడొచ్చమ్మా," అన్నాడు. "ఇప్పుడు తెలిసిందంటే, ఇప్పుడే తెలిసినట్టు. మీరు తరగతిలో ఉంటారా?"

"ఉంటానండి."

తెర మీద పేరు ఆయనే మార్చాడు. తర్వాత పాఠం సాగింది.

తరగతి అయ్యాక వంటింట్లోకి వెళితే, పనిమనిషి లక్కే తోమిపెట్టిన గిన్నెలో కూర కలుపుతూ అప్పలనరసమ్మ వెనక్కి తిరక్కుండానే అంది.

"మంచం లక్కేకి ఇచ్చీసానే. దాని కోడలికి పురుడయింది. బాలింత నేల మీద పడుకుంతందంటే మనసొప్పనేదు. నీకు సెప్తే వద్దంతావని సెప్పనేదు."

"వద్దననమ్మా. పరుపు ఎందుకు ఉంచేసావు?"

తల్లి చేతిలో గరిటె ఆగింది. "దాని మీద నీ చెల్లి తల నూనె మరక ఉందే, అమ్మూ."

సాయంత్రం అదీ ఇచ్చేద్దామని అప్పలనరసమ్మే పరుపు ఒక కొస పట్టుకుంది. రెండో కొస అమ్ము భుజాన వేసుకుంది. క్వార్టర్ల వెనక బస్తీలో లక్కే ఇల్లు. సరిహద్దు పల్లె గొల్లపల్లి నుంచి పనికోసం వచ్చిన మనిషి.

"ఏందమ్మా, పరుపు సుత తెచ్చినవా?" అంటూ ఎదురొచ్చింది లక్కే. పరుపు మంచం మీద పరిచి, చేత్తో రెండుసార్లు దులిపింది. "చిన్నమ్మ నాతోని ఏదో బాస మాట్లాడేది. నాకు నవ్వొచ్చేది."

"ఏమనేది?" అని అడిగింది అమ్ము.

"ఏమో అమ్మా, యాదికి లేదు."

లక్కే కోడలు పసిబిడ్డని తెచ్చి పరుపు మధ్యలో పడుకోబెట్టింది. అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్ము ఏడవలేదు. లక్కే ఇచ్చిన పాలు లేని టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

తిరిగొస్తుంటే కుడి భుజం మండింది. పరుపు తాడు ఒరుసుకుని చర్మం కందిపోయింది. ఇల్లు చేరేదాకా అమ్ము అక్కడ చేత్తో రుద్దుకుంటూనే నడిచింది.