కారోన్ అంటే ఎప్పుడు

బిదాంగ్ ఆ పళ్లెం మీద మూత కావాలని పెట్టిందా, అలవాటుకొద్దీ పెట్టిందా? పద్నాలుగేళ్లుగా ఆలోచిస్తున్నాను, తేలడం లేదు. అడుగుదామని చాలాసార్లు వాళ్ల ఇంటిదాకా వెళ్లాను. మెట్టు మీద కూర్చుని ఎండుచేపల సంగతీ వానల సంగతీ మాట్లాడి వచ్చేశాను. నిరుడు ఆమె కూడా పోయింది.

ఆ పళ్లెం రెమిహియో కోసం వడ్డించింది. అతన్ని గురించి మనీలా పత్రికలు చాలా రాశాయి. పెద్ద ఇంజినీరు, పెద్ద కంపెనీ, పెద్ద మనసు అని. అబద్ధాలేం కాదు. కానీ మా లుంబోయ్ దీవిలో అతను మియోంగ్. ఆరో తరగతిలో నేను పాఠం చెబుతుంటే మూడో బల్ల మీద కూర్చున్నవాడు. తండ్రి చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. తల్లి అవతలి ఒడ్డున చేపలకు ఉప్పు పట్టించే పనికి పోతే, మేనమామ ఇస్లావ్, అతని భార్య బిదాంగ్ పెంచారు. వాళ్లకు పిల్లల్లేరు.

అతనికి పదేళ్లప్పుడు పడవ సరంగు రేడియో సముద్రంలో పడింది. మియోంగ్ దాన్ని మంచినీళ్లలో కడిగి, విప్పి, ముక్కలన్నీ చాప మీద ఎండబెట్టి, మళ్లీ బిగించాడు. పలికింది. అయితే అప్పట్నుంచి సెబూ నగరం స్టేషను ఒక్కటే వచ్చేది. మా ఇలోంగో పాటలు రావడం మానేశాయి.

"ఒరే తోతో," అన్నాడు ఇస్లావ్, "కడిగినప్పుడు మన భాషంతా కారిపోయిందిరా దాన్లోంచి."

తోతో అని మా వైపు మగపిల్లల్ని ముద్దుగా పిలుస్తారు. జుట్టు నెరిసినా ఇస్లావ్‌కు అతను తోతోనే. అతను మామను తియో అనీ అత్తను తియా అనీ పిలిచేవాడు.

స్కాలర్‌షిప్పు వచ్చి సెబూ వెళ్లాడు. ఎలక్ట్రానిక్స్ చదివి, చిప్పులు చేసే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు మైక్రోస్కోపులో కన్ను పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక రొట్టెల కొట్టు మేడ మీద గది తీసుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి, జాలరివాళ్ల ఫోన్లకు పొద్దున్నే రేవులో చేపల ధర పంపే ఏర్పాటు చేశాడు. దళారులు తిట్టుకున్నారు. జాలర్లు అతని ఫోటో గోడకు పెట్టుకున్నారు. ఆ గది పెరిగి కంపెనీ అయింది. సెబూ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ముప్ఫయ్యేళ్లు ఆఫీసులో సెబూ మాట, మంచం మీద సెబూ మాట, పిల్లల్ని కోప్పడినా సెబూ మాట.

ఏడాదికి రెండుసార్లు మా దీవికి వచ్చేవాడు. ఏ ఇంటికి వెళ్లినా "ఎలా ఉన్నారు?" అని అడిగేవాడు కాదు. "ఏం పాడైంది?" అనేవాడు. ఫ్యాన్లూ టార్చిలైట్లూ తెచ్చి ముందు పెట్టేవాళ్లు. ఒకసారి రొయ్యల పచ్చడి అమ్మే మెర్తా మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"ఇదిగో ఇంజినీర్, ఇది పాత మోడల్. పొద్దున పూట స్టార్టవడం లేదు."

"దీనికి స్పేర్ పార్టులు రావడం మానేశాయి మెర్తా," అన్నాడు మియోంగ్, అతని మోకాలు తట్టి చూసి. నెల రోజులు దీవంతా ఆ మాటే చెప్పుకుని నవ్వింది.

బడికి కప్పు వేయించాడు. వీధుల్లో సోలార్ దీపాలు పెట్టించాడు. చివరికి తుఫాను సైరన్ తెచ్చాడు. ఒడ్డున నాలుగు స్తంభాలు, వాటి మీద మైకులు. ప్రమాదం అనగానే సెబూ నుంచి మీట నొక్కితే ఇక్కడ కూత వస్తుంది, వెంటనే ఒక గొంతు మాట్లాడుతుంది. ఆ గొంతు అతనిదే. తెలియని గొంతైతే మనవాళ్లు నమ్మరని తనే స్వయంగా చెప్పి రికార్డు చేశాడు.

పరీక్ష చేసిన రోజు దీవిలో మూడొందల మందిమీ ఒడ్డున నిలబడ్డాం. మేయరు వచ్చాడు, ఫాదర్ వచ్చి స్తంభాల మీద తీర్థం చల్లాడు. కూత అయ్యాక మియోంగ్ గొంతు వినిపించింది. "పెద్ద తుఫాను. నీళ్లు లోపలికి వస్తాయి. కారోన్ అందరూ బడికి వెళ్లండి."

సెబూలో కారోన్ అంటే ఇప్పుడు. మా భాషలో అదే మాటకు కాసేపాగి అని అర్థం. మధ్య ఒక్క రాత్రి ఓడ ప్రయాణం. అంతే దూరం.

నేను రెండేళ్లు సెబూలో టీచరు ట్రైనింగ్ చదివాను. విన్న వెంటనే తెలిసింది. మిగతావాళ్లకు అందులో తప్పేం కనిపించలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు సర్దుకున్నారు.

"మొదట మూటలు కట్టుకోమంటున్నాడు," అన్నాడు ఇస్లావ్ పక్కవాళ్లతో. "తర్వాత తీరిగ్గా వెళ్లొచ్చన్నమాట. చదువుకున్నవాడు కదా, అన్నీ ఆలోచించాడు."

మేయరు చప్పట్లు కొడుతున్నాడు. మియోంగ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అంతమంది ముందు, తన సొంత భాషలోనే తప్పు మాట వాడాడని అతనితో ఎలా అనడం? సాయంత్రం చెప్దామనుకున్నాను. సాయంత్రానికి అతని పడవ వెళ్లిపోయింది. ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయలేదు.

ఆ నవంబరులోనే వచ్చింది తుఫాను. పొద్దున ఎనిమిదింటికి సైరన్ మోగింది. కూతకే భయపడి కొందరు పరుగెత్తారు. నేను ఇల్లిల్లూ తిరిగి "కదలండి, ఇప్పుడే కదలండి" అని అరిచాను. చాలామంది అన్నం వార్చి, మూటలు కట్టి, కోళ్లను బుట్టల్లో పెట్టి, నెమ్మదిగా బయల్దేరారు. నీళ్లు పదిన్నరకు వచ్చాయి. చివరివాళ్లు నడుం లోతులో బడి మెట్లెక్కారు.

ఇస్లావ్ రాలేదు. పడవని పైకి లాగి కొబ్బరిచెట్టుకి కట్టి వస్తానన్నాడట. మర్నాడు పడవ కిందే దొరికాడు.

మూడో రోజు మియోంగ్ వచ్చాడు. పడవ నిండా బియ్యం, టార్పాలిన్లు. ఇస్లావ్ ఇంట్లో శవపేటిక ముందు చాలాసేపు మోకాళ్ల మీద ఉండి, లేచి, మా పద్ధతిలో దీవెన కోసం బిదాంగ్ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. చుట్టూ అందరూ చేరారు.

"నీ సైరన్ వల్లే బతికాం ఇంజినీర్," అంది మెర్తా.

"లేకపోతే దీవంతా పోయేది," అన్నాడు ఇంకొకతను.

అదీ నిజమే. అందుకే చెప్పడం మరీ కష్టమైంది. మియోంగ్ నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"మేడం, వచ్చే వారం ఇంకో నలభై దీవుల్లో పెడుతున్నాం. ఇవే సైరన్ పెట్టెలు. తియో నా గొంతు విని కూడా ఎందుకు ఆగాడో అర్థం కావడం లేదు. సౌండు సరిపోలేదేమో, పెంచమన్నాను."

"సౌండు బాగానే ఉంది మియోంగ్," అన్నాను. అంతకుమించి రాలేదు. నలభై దీవులు, ఒక్కోదాంట్లో ఎందరు ఇస్లావ్‌లు ఉంటారో.

అప్పుడు బిదాంగ్ పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. అన్నం, కందులూ పచ్చి పనసకాయా వేసిన పంది పులుసు.

"తిను తోతో. పొద్దున్నించీ ఏం తినలేదు."

"కారోన్, తియా," అన్నాడు, వస్తున్నా అన్నట్టు, చేతులు కడుక్కోవడానికి లేస్తూ.

బిదాంగ్ పళ్లెం మీద మూత పెట్టి, దాని మీద బరువుకి ఒక గ్లాసు బోర్లించి, లోపలికి వెళ్లబోయింది. మియోంగ్ తడి చేతులతో తిరిగొచ్చాడు.

"అదేంటి తియా, మూతెట్టేశావు?"

"తర్వాత తింటానన్నావుగా. ఈగలు వాల్తాయని."

"నేనెప్పుడన్నాను? కారోన్ అన్నాను."

"అదేగా నేనూ అంటున్నది."

అతని చేతుల్నుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి. శవం దగ్గర జాగారానికి కూర్చుని పేకాడుతున్నవాళ్లు ముక్కలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎవరూ అతని కళ్లలోకి చూడలేదు. చివరికి నా వైపు తిరిగాడు.

"మేడం, మీకు తెలుసు."

"తెలుసు," అన్నాను.

"మొదటి రోజునించీ?"

"మొదటి రోజునించీ."

అతను కోప్పడలేదు. పోనీ ఒక మాటంటే బాగుండేది. బిదాంగ్ దగ్గరికి వెళ్లి అడిగాడు. "తియా, ఆ పొద్దున తియో ఏమన్నాడు?"

"ఏమంటాడు? 'మన తోతో కాసేపాగి వెళ్లమన్నాడు, వాడికి తెలియదా' అన్నాడు." తర్వాత అతని చెంప మీద చెయ్యి వేసింది. "నువ్వు చెప్పింది తప్పు, ఆయన పడవ పిచ్చీ తప్పే. పడవతోనే కాపురం చేశాడు మహానుభావుడు, నాతో కాదు."

మియోంగ్ పెరట్లోకి వెళ్లి సెబూకు ఫోన్ చేశాడు. తలుపు తెరిచే ఉంది, అందరికీ వినిపించింది. "నలభై పెట్టెలూ ఆపండి. నా గొంతు తీసేయండి. ఏ దీవికి ఆ దీవిలోనే, అక్కడే పుట్టి అక్కడే ముసలైన మనిషి చేత చెప్పించాలి. లేదు, ఇంజినీర్లు వద్దు. చెప్పానుగా, వద్దు."

తిరిగొచ్చి, ఫోన్లో రికార్డింగు నొక్కి బిదాంగ్ ముందు పెట్టాడు. "ఇక్కడికి నువ్వు చెప్పు తియా."

"నేనా? నాది కోళ్లని అదిలించే గొంతు."

"అదే కావాలి."

ఆమె తువ్వాలుతో మొహం తుడుచుకుంది. ఫోన్ వైపు కాదు, శవపేటిక వైపు తిరిగి నిలబడింది.

"వినండి. నీళ్లొస్తున్నాయి. సుబోంగ్ లేవండి, సుబోంగ్! కోళ్లూ వద్దు, మూటలూ వద్దు, బడికి నడవండి. ఆ పడవ వదిలెయ్యవయ్యా ముసలాడా. పడవ మళ్లీ చేసుకోవచ్చు."

మా భాషలో సుబోంగ్ అంటే ఈ క్షణమే. ఎవరికీ వేరే అర్థం తోచదు.

"అయ్యో, ముసలాడా అనేశాను," అంది బిదాంగ్. "మళ్లీ చెప్పనా?"

"వద్దు తియా. అలాగే ఉండనీ."

ఆమె పళ్లెం మీద మూత తీసింది. అతను కూర్చుని అంతా తిన్నాడు, మెతుకు మిగలకుండా. పళ్లెం తనే కడిగి బోర్లించాడు. నేను ఏదో అనాలని లేచాను. ఇంతలో మెర్తా కాఫీ గ్లాసు నా చేతికిచ్చింది.

మా దగ్గర శవపేటిక ఇంట్లో ఉన్నంతకాలం వచ్చినవాళ్లు వెళ్లొస్తామనరు, ఇంటివాళ్లు గుమ్మందాకా సాగనంపరు. నేను గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లేసరికి అతను చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో నడుస్తున్నాడు. పడవవాడు చెయ్యందించాడు. అందుకోకుండా తనే ఎక్కి, ఒడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. పడవ తిరిగింది.