మిషను కంటికి బొట్టు

అమ్మ పోయాక, ఆమెని తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడిక దసరా వెళ్ళాక వచ్చే ఆదివారం పెడదామన్నారు కంకిపాడులో మా సంఘం పెద్దలు. అమ్మ పొలం పనులకెళ్ళే మనిషి. చదువు లేదు గానీ చర్చిలో పాట ఎత్తుకుందంటే వెనక డప్పు అక్కర్లేదు. ఎవరో పుణ్యాత్ములు ఆ పాటలు క్యాసెట్‌లో పట్టి ఉంచారు. వాటిని డిస్కులకెక్కించి, పైన ఆమె ఫొటో అచ్చు వేసి, కూడికకొచ్చిన వాళ్ళకి ఇవ్వాలనుకున్నాను. అంతకుమించి ఆమెకి నేను చెయ్యగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

అప్పట్లో నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక సీడీల షాపులో పనిచేసేవాణ్ణి. డిస్కు కాపీ చేసి, దాని మీద బొమ్మ కూడా అచ్చు వేసే మిషను ఒకటుండేది అక్కడ. మద్రాసులో ఎవరో వాడి వాడి వదిలించుకుంటే మా ఓనరు గారు తెచ్చుకున్నారు. దాని చెయ్యి దొంతరలోంచి ఒక్కో డిస్కూ తీసి డ్రైవులో పెట్టాలి. ముసలిదైపోయి ఒక్కోసారి రెండేసి పట్టుకునేది. అందుకని డిస్కుల్ని పేకముక్కల్లా విడదీసి గానీ పెట్టేవాణ్ణి కాదు. షాపు పని లేనప్పుడు మీ అమ్మగారివి చేసుకోమన్నారు ఓనరు గారు.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధ పూజ చేసి, షాపులో స్టేప్లరుతో సహా అన్నిటికీ బొట్లు పెట్టారాయన. మర్నాడు మిషను మొరాయించింది. దొంతర నిండా డిస్కులుంటే, డిస్కులు లేవని తెర మీద చూపిస్తోంది. వైర్లు మార్చాను, బెల్టు చూశాను, చెయ్యి విప్పి మళ్ళీ బిగించాను. నిన్నటిదాకా బాగున్నదాన్ని కెలికి చెడగొట్టానని పక్కన నిలబడి ఆయన ఒకటే సణుగుడు. మద్రాసుకి ఫోన్ చేస్తే కొత్తది కొనుక్కోమన్నారు.

శనివారం పొద్దున టార్చి వేసి చూస్తే కనిపించింది. డిస్కు ఉందో లేదో చూసే సెన్సర్, బఠాణీ గింజంత కన్ను. దాని మీద గంధం, గంధం మీద కుంకుమ, ఎండి అట్ట కట్టి ఉన్నాయి. గుండ్రంగా కనిపించేసరికి బొట్టుకి అంతకన్నా మంచి చోటు దొరకలేదు కాబోలు ఆయనకి. స్పిరిట్ అద్దిన దూదితో తుడిచాను. చెయ్యి లేచింది. సంగతి చెప్పాను.

"మీకు అలాగే కనపడుద్దిలే," అన్నారాయన.

మీకు అంటే ఎవరికో నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది. అయినా అమ్మ ఫొటో తెర మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే వార్డు నాయకుడి మనుషులు దిగారు. ఆయన పుట్టినరోజట, పొగడ్త పాటల డిస్కులు ఆ సాయంత్రానికే కావాలట. ఓనరు గారు అమ్మ ఫొటో మూసేసి, చేతులు జోడించిన నాయకుడి బొమ్మ పెట్టారు. విడదీసి పెడతానన్నా వినకుండా షాపులో ఉన్న ఖాళీ డిస్కులన్నీ తానే గబగబా దొంతరలో కుక్కారు. అనుకున్నట్టే మిషను రెండేసి పట్టింది. పాట కింద దానికెక్కితే బొమ్మ పై దాని మీద పడింది. అలా నాయకుడి మొహం అచ్చయి లోపల పాట లేని డిస్కులు చాలా మిగిలాయి.

"ఇవి ఖాళీయే కదయ్యా. మీ అమ్మ పాటలకి వాడుకో. ఊరికే ఇస్తున్నా," అన్నారు.

అప్పటికే పొద్దుపోయింది. మర్నాడే కూడిక, వేరే డిస్కులు కొందామన్నా ఆదివారం బజారంతా మూసి ఉంటుంది. తీసుకున్నాను. పాటలెక్కించి, నాయకుడి నుదుటి మీద మార్కరుతో అమ్మ పేరు రాశాను.

కూడికలో ప్రార్థన అయ్యాక అందరికీ పంచాను. చదువుకున్న వాళ్ళు పేరు చూసి, నా మొహం చూసి, డిస్కు సంచిలో పెట్టుకున్నారు. అమ్మ చెల్లెలు, మా పిన్నికి అక్షరాలు రావు. డిస్కుని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. మార్కరు గీతల్ని మరకలనుకుని పమిట చెంగుతో తుడిచింది. అమ్మ పేరు చెరిగిపోయింది. ఆ మొహం మాత్రం చెరగలేదు.

"ఈయనెవరో నాకెందుకు నాయనా," అంది. "మా అక్కేది?"