డాక్టరమ్మను నేను క్షమించాను

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కనుకనే మీతో చెప్పగలుగుతున్నాను. సుఖంగానే ఉన్నాను. అదే నాకు అప్పుడప్పుడూ సిగ్గుగా ఉంటుంది.

కర్నూలు రాజధాని అయిన కొత్త. మాది బద్వేలు దగ్గర పల్లె. అమ్మ లేదు, చెల్లెలి తొలికాన్పు బాధ్యత నాదే. నెలలు నిండినా నొప్పులు రాలేదు. నాన్న పట్టుబట్టి కడప ఆసుపత్రికి బండి కట్టించాడు. అక్కడ కడుపు కోస్తారని నాకు భయం. బయలుదేరే ముందు, అరుగుదలకని చెల్లెలికి చెప్పి, అవ్వ నేర్పిన, నొప్పులు తెప్పించే కషాయం తాగించాను. చాలదేమోనని మళ్లీ తాగించాను.

నొప్పులు రావడానికి ఆముదం, క్వినైను ఇచ్చి ఆపైన సూది వేస్తానంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. ఇచ్చే ముందు నావైపు తిరిగింది.

"ఇంటి దగ్గర ఏదైనా మందు పట్టించారా? దాచకండి. రెండూ కలిస్తే ప్రమాదం."

"ఏమీ ఇయ్యలేదమ్మా. అట్లాంటివి మా ఇంట్లో చెయ్యము."

ఆ రెండో మాట ఎందుకన్నాను? నాటుమందు పట్టించినవాళ్లను ఆమె వరండాలో అందరి ముందూ చీవాట్లు పెట్టడం అంతకుముందే చూశాను. వెనక్కి పంపేస్తుందని భయపడ్డానా, నా పరువు చూసుకున్నానా? చాలాకాలం భయమనే సర్దిచెప్పుకున్నాను. కాదు, పరువే.

సూది వేశాక నొప్పులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. బిడ్డ బతికింది. చెల్లెలూ బతికింది, కానీ గర్భసంచి చీలిపోయి తీసేయాల్సి వచ్చింది. మర్నాడు డాక్టరమ్మ నా దగ్గరికొచ్చి, మందు తన చేతిలోనే ఎక్కువైందని, క్షమించమని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, మనసులో పెట్టుకోవద్దని ఓదార్చాను. నాది ఎంత పెద్ద మనసోనని వార్డులో ఆడవాళ్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు బాగుండింది కూడా. ఆ తర్వాత మా వైపు నుంచి ఎవరూ ఆమె దగ్గరికి కాన్పుకు పోలేదు. కొన్నాళ్లకు బదిలీ చేయించుకుని వెళ్లిపోయిందని విన్నాను. అప్పుడూ నోరు విప్పలేదు.

చెల్లెలు ఒక్క కూతురితోనే తృప్తిగా ఉంది. ఆ పిల్ల పెద్దమ్మా అంటూ నా వెనకే తిరుగుతుంది. అక్క లేకపోతే ఆరోజు ఏమైపోయేదాన్నో అని చెల్లెలు వచ్చినవాళ్లందరికీ చెబుతుంటే, పక్కనే కూర్చుని వక్క కత్తిరిస్తూ వింటాను. ఆమెకు చెప్పను. చెప్పి ఆ సంతోషాన్ని చెడగొట్టలేను. ఇది ఆమె మీద ప్రేమా, మళ్లీ నా పరువేనా?

డాక్టరమ్మ ఎక్కడుందో తెలియదు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ పెట్టేస్తే ఊపిరి కాస్త తేలికగా ఆడుతుంది.

ఇచ్చినానమ్మా. రెండుసార్లు ఇచ్చినాను.