చిన్న చేతికి తగిన తుపాకీ కోసం ఇండియానా దాకా

2013 వసంతంలో ఒక శుక్రవారం నేనూ మా అత్తయ్యా మిషిగన్‌లోని ట్రాయ్ నుంచి ఇండియానా వెళ్ళి వచ్చాం. వెళ్ళింది తుపాకీలు చూడటానికి. మొదట్లోనే చెప్పేస్తున్నాను. ఈ సంగతి ఎక్కడ చెప్పినా అవతలివాళ్ళు ఇంకోసారి అడిగి నిర్ధారించుకుంటున్నారు, నాకు విసుగొచ్చేసింది.

నేను ఫార్మసిస్టుని. డెట్రాయిట్‌లో ఒక చిన్న మందుల షాపులో పనిచేస్తాను. ఆ చలికాలంలో ఆరువారాల తేడాతో రెండుసార్లు ఒకడు పట్టపగలు లోపలికొచ్చి, కౌంటర్ మీదికి వంగి, తుపాకీ చూపించి నొప్పి మాత్రలు పట్టుకుపోయాడు. రెండుసార్లూ షాపులో నేనొక్కదాన్నే. కౌంటర్‌కి అడ్డంగా గట్టి అద్దం వేయించమనీ, ఇంకో మనిషిని పెట్టమనీ ఓనర్ ప్రసాద్ గారిని అడిగితే, "ముందు మీరొక గన్ పెట్టుకోండమ్మా, ధైర్యంగా ఉంటుంది" అన్నారు. లైసెన్సు కావాలంటే ఒక క్లాసు పాసవ్వాలి. పెట్టిన సెలవు అయిపోయి సోమవారం మళ్ళీ డ్యూటీలో చేరాలి.

క్లాసుకి ఒకసారి వెళ్ళాను, ఫెయిలయ్యాను. ఆ తప్పు మా ఇంటిదే. మా ఆయన శ్రీధర్ తుపాకీని క్యామ్రీ కారు కొన్నట్టు కొన్నాడు. స్నేహితులందరికీ మెయిల్ పెట్టి, ఎక్సెల్ షీటు తయారుచేసి, ఎక్కువ ఓట్లు పడ్డది తీసుకొచ్చాడు. "రీసేల్ వాల్యూ పడిపోదు సునీతా" అన్నాడు. పదిహేను తూటాలు పట్టే ఆ తుపాకీ పిడి నా చేతికి ఇటుకలా ఉంది. పైన ఉండే స్లైడ్‌ని వెనక్కి లాగి వదిలితేగానీ మొదటి తూటా లోపలికి వెళ్ళదు. నేను దాన్ని లాగలేకపోయాను. పన్నెండు మంది చూస్తుండగా క్లాసు చెప్పే ఆయన నా తరఫున లాగిపెట్టాడు. కొనేముందు నా చెయ్యి కొలవాలని ఒక్కరికీ తోచలేదు, నాతో సహా.

మళ్ళీ పరీక్ష ఆదివారం. ఆ సంవత్సరం తుపాకీలకీ తూటాలకీ మహా కరువు, మా చుట్టుపక్కల షాపుల్లో అరలన్నీ ఖాళీ. ఇండియానాలో తుపాకీ పేల్చడం నేర్పే ఒక రేంజ్‌లో డోనా అనే ఆవిడ చిన్న చేతుల వాళ్ళ కోసం పద్దెనిమిది రకాలు అద్దెకిచ్చి, పేల్చి చూసుకోనిస్తుందని తెలిసింది. శ్రీధర్‌కి ఆఫీసు. ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళలేం కాబట్టి అత్తయ్యని వెంటబెట్టుకున్నాను. ఆవిడ తెనాలిలో ముప్ఫై ఏళ్ళు గాజుల కొట్టు నడిపింది. ఆర్నెల్లకని మా దగ్గరికి వచ్చి, పట్టుకున్న ప్రతి చేతికీ గాజు సైజు చెబుతుంది. మా పక్కింటి తెల్లావిడకి కూడా చెప్పింది.

పక్క ఊరు బర్మింగ్‌హామ్‌లో రైలు పొద్దున ఆరూ ఇరవై అయిదుకి. వచ్చింది ఆరూ యాభైకి. టికెట్టు మనిషికి ముప్ఫై ఎనిమిది డాలర్లు. ఆన్ఆర్బర్ దాటాక ఒక గూడ్సు బండికి దారిమ్మని మమ్మల్ని పొలాల మధ్య ఆపేశారు. "ఇక్కడ పట్టాలు గూడ్సు వాళ్ళవి, మేం అతిథులం" అన్నాడు కండక్టర్, తనేదో గొప్ప ఏర్పాటు చేసినట్టు. అత్తయ్య పులిహోర డబ్బా విప్పింది. ఆ వాసనకి ముందు సీట్లోని అమ్మాయి లేచి వెనక్కి చూసింది. వరంగల్ అట, షికాగోలో స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్తోంది.

ఎక్కడికని అడిగింది, చెప్పాను.

"నిజంగనా అక్కా? మాకైతే ముట్టుకోనియ్యరు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నోళ్ళు గన్ పట్టుకుంటే ఇల్లీగల్ అని ఓరియెంటేషన్ల చెప్పిండ్రు."

"నాకు గ్రీన్‌కార్డు ఉందిలే. పులిహోర తిను."

"ఆంటీ కూడా పేలుస్తరా?"

"ఆంటీది విజిటర్ వీసా. నీ కేటగిరీయే" అన్నాను. అత్తయ్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, రెండున్నర సైజు, మట్టిగాజులు నప్పుతాయి అంది.

మిషిగన్ సిటీ అన్న పేరు పెట్టుకుని ఇండియానాలో ఉన్న ఊళ్ళో దిగేసరికి అక్కడి టైము పదకొండూ అయిదు. అక్కడ గడియారం మాకంటే గంట వెనక. ఆ మిగిలిన గంటని నిశ్చింతగా లెక్కలో వేసుకుని శ్రీధర్ పదకొండుకి రేంజ్ బుక్ చేశాడు. ఆ గంట కాస్తా రైలు మింగేసింది. టాక్సీలో వెళ్ళేసరికి మా టైము వేరేవాళ్ళకి ఇచ్చేశారు. పన్నెండుంబావు దాకా కూర్చోమన్నారు. తర్వాత వెళ్ళేవాళ్ళకి నా సలహా, మధ్యాహ్నానికి బుక్ చేసుకోండి.

కౌంటర్ దగ్గర గడ్డం కుర్రవాడు నా గ్రీన్‌కార్డు చూసి, అత్తయ్య పాస్‌పోర్టు చూసి, ఆవిడ అద్దం వెనక కూర్చుని చూడొచ్చుగానీ తుపాకీ గానీ తూటా గానీ ముట్టుకోకూడదన్నాడు. తూటాలు మనిషికి ఒక పెట్టె మాత్రమే. పెట్టెలో యాభై. అత్తయ్య పేరు మీద ఇంకో పెట్టె ఇస్తావా అని అడిగాను. ముట్టుకోకూడని మనిషికి వాటా ఉండదన్నాడు. వాదన బాగానే ఉంది, ఒళ్ళు మాత్రం మండింది.

నా చేతులకేసి చూసి, అడక్కుండానే ఒక గులాబీరంగు రివాల్వర్ తీసి గాజుబల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడిపోయేంతది, అయిదు తూటాలది.

"లేడీస్ అందరికీ ఇదే ఇస్తాం మేడం."

"లేడీస్ అందరూ ఏమన్నారు?"

"తిరిగొచ్చి చెప్పినవాళ్ళు లేరు."

చిన్న చేతికి చిన్న తుపాకీ అన్న మాట అక్కడ అందరికీ వేదం. నేనూ నమ్మాను. పన్నెండుంబావుకి డోనా వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, నాకంటే పొట్టి. గులాబీరంగుది చూసి ముఖం అదోలా పెట్టింది కానీ, "పేల్చి చూడు, నేను చెబితే నమ్మవు" అంది.

పేల్చాను. ట్రిగ్గర్ ఎంత బరువంటే, లాగుతుండగానే గొట్టం నేల చూసింది. మొదటి తూటా గురికి పెట్టిన కాగితం కింద గోడకి తగిలింది. రెండోదానికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చీరుకుపోయిందనుకున్నాను. తేలిక తుపాకీలో బరువు లేదు కాబట్టి ఆ దెబ్బ మొత్తం చేతికే వస్తుందని డోనా అప్పుడు చెప్పింది. ముందు చెబితే ఏం పోయేదో.

రెండో తుపాకీ జేబులో పట్టే బుల్లి పిస్టల్. చిటికెనవేలికి పిడి మీద చోటే లేదు. స్లైడ్ స్ప్రింగు మా ఇంట్లో దానికంటే మొండిది. తుపాకీ చిన్నదయ్యేకొద్దీ స్ప్రింగు గట్టిదవుతుందట. మూడోది శ్రీధర్ మెయిల్ మిత్రులు ఓట్లేసి ఎన్నుకున్న మోడలే, కొత్త రకం. వెనక పిడి ముక్క మార్చి సన్నం చేసుకోవచ్చన్నారు. మార్చారు. అయినా చూపుడువేలి కొన మాత్రమే ట్రిగ్గర్‌కి అందింది. వేలు అందడానికి చెయ్యి పక్కకి తిప్పితే తూటాలన్నీ ఎడమవైపు పోగయ్యాయి. ఇవన్నీ లోడు చేసి, పిస్టల్ రెండిటికీ స్లైడ్ లాగి పెట్టింది డోనాయే. ఆదివారం ఆవిడ నా పక్కన ఉండదు. నా పెట్టెలో పందొమ్మిది తూటాలు మిగిలాయి. ఏడుపొచ్చేలా ఉండి, కాసేపు బయటికొచ్చాను.

అత్తయ్య అద్దం వెనక, చెవులకి పెద్ద మూతలు పెట్టుకుని కూర్చుంది. కౌంటర్ మీద పట్టు చూసుకోవడానికి నీలంరంగు ప్లాస్టిక్ నమూనాలు ఉన్నాయి, అవి ఎవరైనా ముట్టుకోవచ్చు. ఆవిడ ఒకటి నా చేతిలో పెట్టి నా వేళ్ళు సర్దడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఇవి గాజులు కావు."

"చెయ్యి చెయ్యేగా. నీది రెండుంబావు చెయ్యే అమ్మాయ్, కానీ వేళ్ళు పొట్టి. నీకు కావాల్సింది చిన్నది కాదు, సన్నది. ఆ మూడూ చూశాను. ఒకటి లావు, రెండు మరీ పొట్టి."

"అది సరే. పైది లాగలేకపోతున్నాను కదా."

"వేలి కొసల్తో లాగుతున్నావు. నీ వేళ్ళలో ఏముంది బలం? అరచేతి మొదట్లో ఉంది. గాజు తొడిగేటప్పుడు మేం గాజుని ఈడ్చం. దాన్ని కదలకుండా పట్టుకుని, నీ చేతినే ముందుకి పంపిస్తాం. పైదాన్ని గట్టిగా పట్టుకో, కింద చేతిని తొయ్యి."

డోనా వచ్చి, ఆవిడ ఏమంటోందని అడిగింది. అనువాదం చేశాను. డోనా అత్తయ్యని ఎగాదిగా చూసి, "తర్వాతి పాఠం అదే" అంది. పై నుంచి అరచేతితో మొత్తం స్లైడ్‌ని పట్టుకోవాలి, మోచేతులు ఒంటికి ఆనించాలి, గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి, పట్టుకున్న చేతిని ముందుకి తొయ్యాలి. ఈసారి ఆవిడ తెచ్చింది ఒకే వరసలో తూటాలు పట్టే సన్నపాటి తొమ్మిది ఎంఎం పిస్టల్. గులాబీరంగుదాని కంటే పొడుగూ ఎక్కువే, బరువూ ఎక్కువే. ఖాళీది చేతిలో పెట్టి, గొట్టం ముంజేతికి తిన్నగా ఉండేలా పట్టించి, వేలి మొదటి కణుపు మెత్తదనం ట్రిగ్గర్ మీద పడుతోందా అని చూసింది. పడింది. తుపాకీ కొనేవాళ్ళు పేల్చకముందే చూసుకోవాల్సింది ఈ ఒక్కటీ. నాకది తెలియడానికి మూడు తుపాకీలూ ముప్ఫై ఒక్క తూటాలూ అయిపోయాయి.

స్లైడ్ మొదటిసారికే వెనక్కి వెళ్ళింది. తేలిగ్గా అని చెప్పను. వెళ్ళింది. ఏడు గజాల్లో అయిదు పేలిస్తే అయిదూ కాగితం మీద, నాలుగు నా అరచేయంత చోటులో. అద్దం వైపు తిరిగి చూశాను. సంతోషం పట్టలేక నవ్వొచ్చింది. మూడు నెలల తర్వాత అదే మొదటిసారి నవ్వడం.

షాపు సంగతి విని డోనా చివరికి ఒక పరీక్ష పెట్టింది. తుపాకీ ఎదుట బల్ల మీద ఉంటుంది. ఆవిడ చేతిలోని మిషను బీప్ అనగానే తీసి, రెండు చేతులా పట్టుకుని, అయిదు గజాల్లో కాగితాన్ని కొట్టాలి. మొదటిసారి దాదాపు ఆరు సెకన్లు పట్టింది. ఆరేడుసార్లకి నాలుగుకి దిగింది. "మొదటిరోజుకి చాలా బాగుంది" అంది డోనా. నిజంగానే మెచ్చుకుంది.

బయటికొచ్చాక అత్తయ్య అడిగింది, "ఆ గంట కొట్టగానే తీస్తున్నావు, బాగానే ఉంది. షాపులో ఆ గంట ఎవరు కొడతారే?"

రెండోసారి వాడు వచ్చినప్పుడు నేను ఒక ముసలాయన బీపీ మాత్రలు లెక్కపెడుతున్నాను. పదహారు దాకా వచ్చి తలెత్తితే గొట్టం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. నాలుగు సెకన్లు కాదు, ఒక్కటి కూడా లేదు. అత్తయ్య ప్రశ్నని డోనాకి అనువాదం చేశాను. ఆవిడ నవ్వలేదు.

"ఎవరూ కొట్టరు. అందుకే ముందు తాళం వేసే తలుపు, అద్దం, పక్కన ఇంకో మనిషి. ఇది అన్నిటికంటే ఆఖరిది. మీ ఓనర్ ఆఖరిదాన్ని ముందు పెట్టాడు."

రెండున్నరకి పక్కనున్న శాండ్‌విచ్ షాపులో తిన్నాం. అత్తయ్యకి మాంసం లేకుండా ఇమ్మంటే బన్నులో ఆకులు పెట్టి ఏడు డాలర్లు తీసుకున్నారు. మిగిలిన పులిహోర అక్కడే తిన్నాం. ఆ పిస్టల్ కొనాలంటే వేరే రాష్ట్రందాన్ని కాబట్టి ఇండియానాలో నాకు అమ్మరు, మిషిగన్‌లోనే కొనాలి. మిషిగన్‌లో స్టాకు లేదు. ఆదివారం పరీక్షకి అలాంటిదే అద్దెకిచ్చే మనిషి నంబరు డోనా రాసిచ్చింది. తిరుగు రైలు అయిదూ పదికి, వచ్చింది అయిదున్నరకి. ఇరవై నిమిషాలే కదా అనుకునే స్థితికి వచ్చేశాను.

కిటికీలో ఇంకా ఎండ ఉండగానే ప్రసాద్ గారికి ఫోన్ చేశాను.

"గన్ దొరికిందామ్మా?"

"దొరికిందండి. ఆదివారం పాసవుతాను. సోమవారం మాత్రం రాను. కౌంటర్‌కి అద్దం వేయించి, ఇంకో మనిషిని పెట్టాక చెప్పండి, వస్తాను."

"అదేంటమ్మా, నేర్చుకున్నారుగా. ఇంకా భయమేనా?"

"భయమేనండి. పేల్చడం రాక భయపడుతున్నానని మీరనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు వచ్చు. అయినా భయమే. అంటే లోపం నాలో లేదు, ఆ కౌంటర్‌లో ఉంది."

"అద్దం వాళ్ళని రేపు కనుక్కుంటాను" అన్నారు.

"వేయించాక ఫోన్ చేయండి" అని పెట్టేశాను.

వెళ్ళొచ్చినవాళ్ళు ఆ ప్రయాణం ఎలా ఉందో చెప్పాలి కదా. రైలు దండగ, టైము దండగ, గులాబీరంగుది శుద్ధ దండగ. డోనా దగ్గరికి మాత్రం వెళ్ళండి, చేతుల సంగతి తెలిసిన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళండి.